వరద బాధితుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించొద్దు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండుసార్లు చదివాను. 2024 బుడమేరు వాగు వరదలో విజయవాడ సింగ్ నగర్ వైపు మీ వీధి మునిగింది, అప్పుడు మీ కుర్రాళ్ళు 20 మంది కలిసి పాల ప్యాకెట్లు, అన్నం ప్యాకెట్లు పంచారు, మళ్ళీ ఎప్పుడైనా అలాంటిది వస్తే తిండితో పాటు జనం మనసు కూడా చూసుకునే టీమ్ ఒకటి రెడీగా ఉండాలనుకుంటున్నారు. దానికి మీ ప్లాన్ ఏంటంటే క్యాంపులో పదేసి మందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత జరిగిందంతా బయటికి చెప్పించి ఏడవనివ్వడం, తర్వాత ఎవరికి ట్రామా, అంటే మనసుకి పెద్ద దెబ్బ తగిలి ఉందో ఒక ఫారం నింపడం. మీ అమ్మగారు ఇప్పటికీ గట్టిగా వాన పడితే రాత్రి డాబా ఎక్కి కూర్చుంటున్నారని, పక్కింటి ఎనిమిదేళ్ళ బాబు అప్పట్నుంచీ పక్క తడుపుతున్నాడని కూడా రాశావు.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, అంటే మనసు బాగోలేని వాళ్ళకి, వాళ్ళ కుటుంబాలకి తోడుగా ఉండే పని, ఈ పనిలో 20 ఏళ్ళు దాటింది. ముందు ప్లాన్ సంగతి చెప్తా. ఆ గుండ్రంగా కూర్చోబెట్టే పని మాత్రం వద్దు. మీ మనసు మంచిదే, నేనూ మొదట్లో సరిగ్గా అదే చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత స్టూడెంట్‌గా ఒక టీమ్‌తో కృష్ణా జిల్లా తీరంలో ఒక మత్స్యకారుల పల్లెకి వెళ్ళాను. బాధ లోపలే ఉంటే కుళ్ళిపోతుంది, బయటికి తీయించాలి అనే మాట పట్టుకుని వెళ్ళాం. అక్కడ ఒకామెకి కొడుకు పోయాడు. నేను పుస్తకం తెరిచి పక్కన కూర్చుని ఆ రోజు పొద్దున ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమ్మా అన్నాను. చెప్పింది పాపం, మధ్యలో ఆగిపోయి గోడవైపు తిరిగి కూర్చుంది, ఆ పూట ఇక అన్నం ముట్టలేదు. సాయంత్రం వాళ్ళ ఆడపడుచు నన్ను బయటికి తీసుకెళ్ళి "మీరు నాలుగోవాళ్ళమ్మా, వచ్చినోళ్ళందరూ అదే అడుగుతున్నారు, మీరు బండెక్కి ఎల్లిపోతారు, రేతిరంతా దాంతో మేం పడాల" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అలా ఒక్క సిట్టింగ్‌లో అందరి చేతా కథంతా చెప్పించే పద్ధతికి డీబ్రీఫింగ్ అని పేరు, ఒకప్పుడు చాలా చోట్ల చేసేవాళ్ళు. దాని వల్ల తర్వాత వచ్చే జబ్బేమీ ఆగదని, కొందరికి ఇంకా ఎక్కువవుతుందని పరిశోధనల్లో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెప్తోంది. అయితే ఎవరైనా తమంతట తాము చెప్పుకుంటే మాత్రం ఆపకుండా వినాలి, అడిగి తవ్వడం వేరు, చెప్పుకుంటుంటే పక్కన ఉండటం వేరు.

మరి మనసు కోసం ఏం చెయ్యాలి అంటే, మొదటి వారంలో మనసు పని అంతా మనసు పనిలా కనపడదు. ఆ రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకో. సెప్టెంబర్ 1 ఆదివారం, ఇళ్ళల్లోకి నీళ్ళు, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం, బుడమేరుకి మూడు చోట్ల గండ్లు, ఆ మూడోది పూడ్చేసరికి వినాయక చవితి వచ్చేసింది. అన్ని రోజులు జనం పై అంతస్తుల్లో, డాబాల మీద ఉన్నారు కదా, వాళ్ళని ఎక్కువ పిండేసింది ఏంటో నేను ఆ తర్వాత కలిసిన వాళ్ళందరూ ఒకేలా చెప్పారు. ఆకలి కన్నా ఏమీ తెలియకపోవడం. నీళ్ళు పెరుగుతాయా తగ్గుతాయా, గేట్లు ఎత్తారా, పడవ ఈ వీధికి వస్తుందా రాదా, పనికెళ్ళిన మొగుడు ఎక్కడున్నాడు, ఫోనేమో చార్జింగ్ అయిపోయింది. ఒక వీధి వాళ్ళు బ్యాటరీ ఇన్వర్టర్ ఒకటి పై అంతస్తుకి మోసుకెళ్ళి రోజుకి ఒక్కో ఇంటి ఫోను పావుగంట చొప్పున చార్జ్ చేశారట, కౌన్సిలింగ్ చేసేవాళ్ళు 10 మంది చేసే పని అది ఒక్కటే చేసింది అంటాను నేను. అందుకే మీ టీమ్‌లో ఇద్దరి డ్యూటీ సమాచారం మాత్రమే. వార్డు సచివాలయం నుంచి, కంట్రోల్ రూమ్ నుంచి నిజమైన కబురు కనుక్కుని పూటకోసారి వీధి వీధికీ చెప్పడం, తెలియకపోతే తెలియదని చెప్పి మళ్ళీ ఏ టైముకి వచ్చి చెప్తారో చెప్పి ఆ టైముకి కచ్చితంగా రావడం. వాట్సాప్‌లో డ్యామ్ తెగింది అని పాత వీడియోలు తిరుగుతాయి చూడు, అవి వచ్చిన రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

విపత్తుల్లో జనం మనసు చూసుకోవడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే గైడ్‌లైన్స్ 2007లో వచ్చాయి, ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి రాసినవి. వాటిలో సాయాన్ని నాలుగు అంతస్తుల పిరమిడ్‌లా చూపిస్తారు. అన్నిటికన్నా అడుగున, వెడల్పుగా ఉండేది నీళ్ళు, తిండి, చోటు, భద్రత, ఇవన్నీ మర్యాద తగ్గకుండా అందడం. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు మళ్ళీ కలవడం. ఆ పైన కొందరికే కావాల్సిన ప్రత్యేకమైన తోడ్పాటు, కొనమీద కొద్దిమందికి సైకియాట్రిస్టు. మన దగ్గర కూడా జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో దీనికోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ప్లాన్‌లో కింద రెండు అంతస్తులూ వదిలేసి నేరుగా మూడో అంతస్తుకి నిచ్చెన వేశారు, అదీ ఇబ్బంది.

మర్యాద అన్నాను కదా, ఆ మాట మీద కొంచెం ఆగుతా. ట్రాక్టర్ మీద నుంచి ప్యాకెట్లు విసిరితే కింద చేతులు చాచి నిలబడ్డ వాళ్ళలో జీవితంలో ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనుషులు ఉంటారు. కిరాణా కొట్టు నడిపిన పెద్దాయన ఒకాయన నాతో "వరద సామాను తీసుకెళ్ళింది అమ్మా, ఆ ప్యాకెట్ పట్టుకున్నప్పుడు నేనే కొట్టుకుపోయాను" అన్నాడు. ఇంటింటికీ చేతికి ఇవ్వండి, పేరు పెట్టి పిలవండి, ఫొటోలు తియ్యకండి. ఆడవాళ్ళకి బట్టలు మార్చుకోడానికి చాటు, వెలుతురు ఉన్న బాత్రూమ్, శానిటరీ ప్యాడ్లు, ఇవి అడగడానికి సిగ్గుపడి రెండు రోజులు నీళ్ళు తాగడం మానేసిన వాళ్ళున్నారు. మీ టీమ్‌లో ఆడపిల్లలు లేకపోతే ముందు చేర్చుకోండి.

ఇంక మాటల సంగతి. సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ అని ఒకటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2011లో పుస్తకం తెచ్చాయి, డాక్టర్లే చెయ్యక్కర్లేదు, మీలాంటి వాళ్ళు ఒక రోజు ట్రైనింగ్‌తో చెయ్యొచ్చు. చూడు, విను, కలుపు, అంతే దాని సారం. చూడటం అంటే వెళ్ళగానే ఎవరు బిగుసుకుపోయి కూర్చున్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు, చంటిపిల్లలు ఎవరి దగ్గరున్నారు, అక్కడ ఉండటం క్షేమమేనా అని. వినడం అంటే పక్కన కింద కూర్చుని మంచినీళ్ళు ఇచ్చి ఇప్పుడు మీకు ముందు ఏం కావాలండీ అని అడగడం, ఆ తర్వాత నోరు మూసుకోవడం. కలపడం అంటే ఆ కావాల్సిన దానికి, ఆ మనిషికి మధ్య దారి వెయ్యడం, అక్కకి ఫోన్ కలపడమో, ఆధార్ కార్డు పోతే ఎక్కడికెళ్ళాలో చెప్పి తోడు వెళ్ళడమో. చెయ్యలేనిది చేస్తానని మాత్రం అనొద్దు.

మనవాళ్ళు ఓదార్పు అనుకుని అనే మాటలు కొన్ని ఉంటాయి, అవి మానండి. "ప్రాణాలు దక్కాయి అదే పదివేలు", "వాళ్ళతో పోలిస్తే మీరు నయం", "మగాడివి ఏడుస్తావేంటి", "అంతా మన మంచికే". అన్నవాళ్ళకి తేలిక, విన్నవాళ్ళకి ఇక నోరు పెగలదు. కష్టంగా ఉంది కదండీ, నేను ఇక్కడే ఉన్నాను, ఈ రెండు ముక్కలు చాలు. ఇంకోటి, మీ బ్యానర్ మీద మానసిక వైద్యం, కౌన్సిలింగ్ అని రాస్తే ఎవరూ రారు. మన జనం డిప్రెషన్ అనరు, గుండె దడ, తల తిమ్మిరి, ఒళ్ళంతా మంటలు, నిద్ర పట్టట్లేదు, ఏం తోచట్లేదు, బెంగగా ఉంది అంటారు. అందుకే బీపీ, షుగర్ చూసే టేబుల్ పక్కనే కూర్చోండి, బీపీ పట్టీ చుడుతూ నిద్ర పడుతోందా అమ్మా అంటే చెప్పాలనుకున్నవాళ్ళే చెప్తారు.

ఇప్పుడు అందరూ మర్చిపోయేది చెప్తా, నా లెక్కలో మీ టీమ్ అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇదే. మందులు. ప్రతి వీధిలో ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళు, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి పెద్ద మనసు జబ్బులకి మాత్రలు వాడేవాళ్ళు ఉంటారు, చాలా ఇళ్ళల్లో ఆ సంగతి బయటికి చెప్పరు. వరదలో ఆ మాత్రల డబ్బా కొట్టుకుపోతుంది. బీపీ మాత్ర పోయిందని క్యాంపులో అడుగుతారు, ఇది అడగరు. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆగితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు, మిగతావి ఆగితే నాలుగైదు రోజులకో రెండు వారాలకో నిద్ర పోతుంది, అరుపులు మొదలవుతాయి, అప్పుడు జనం వరద చూసి మెంటలెక్కింది అంటారు. కాదు, మాత్ర ఆగింది అంతే. కాబట్టి వానాకాలానికి ముందే ఏఎన్ఎమ్, ఆశా వర్కర్లతో మాట్లాడి ఎవరెవరికి ఏ మందులు ఆపకూడదో వాళ్ళ దగ్గర లిస్టు ఉండేలా చూడండి. ఆ లిస్టు మీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, అది ఏఎన్ఎమ్ దగ్గరే ఉండాలి. ఆ ఇళ్ళవాళ్ళకి మీరు చెప్పాల్సింది ఒకటే, డాక్టర్ చీటీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, రెండు వారాల మాత్రలు జిప్ కవర్లో వేసి పైన పెట్టుకోండి అని.

మద్యం తాగేవాళ్ళది కూడా ఇలాంటిదే. రోజూ గట్టిగా తాగే మనిషి వరదలో చిక్కుకుపోయి మందు దొరక్కపోతే ఆ రోజులోపే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల్లో లేనివి కనపడటం, మతి తప్పి మాట్లాడటం, డాబా మీద నుంచి దిగి నీళ్ళల్లోకి నడవబోవడం. దయ్యం పట్టిందని కట్టేసిన సంగతి ఒకటి నాకు తెలుసు. అది ఎమర్జెన్సీ, 108కి చెప్పి మొదటి పడవలో ఆస్పత్రికి పంపాల్సిన కేసు, తాగుబోతు అని పక్కన పెట్టే కేసు కాదు. అలాగే నిద్ర పట్టట్లేదు అన్న ప్రతివాళ్ళకీ మెడికల్ షాపు నుంచి ఆల్ప్రాజోలమ్ మాత్రలు తెచ్చి పంచే అన్నలు ఉంటారు, వాళ్ళని ఆపండి. మొదటి నెల షాక్‌కి అవి మంచివి కావు, అలవాటు పడితే వదలవు.

పోయినవాళ్ళు ఉన్న ఇళ్ళ గురించి కొంచెం. శవాల వల్ల అంటురోగాలు వస్తాయనే భయంతో గుర్తు పట్టకుండానే గబగబా సామూహికంగా దహనమో ఖననమో చేసేస్తుంటారు, వరదల్లో తుఫానుల్లో పోయినవాళ్ళ శవాల వల్ల ఊరంతా రోగాలు రావడం అనేది దాదాపు ఉండదు, కానీ ముఖం చూడకుండా సాగనంపిన బాధ మాత్రం ఏళ్ళు ఉంటుంది. మా అమ్మమ్మది నాగాయలంక వైపు, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో వాళ్ళ చెల్లెలు దొరకలేదు. దొరకలేదు కాబట్టి కర్మ చెయ్యలేదు, చెయ్యలేదు కాబట్టి ఎక్కడో ఉందేమో అని ఎదురుచూపు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో పెద్దాయన చెప్తే దర్భలతో బొమ్మ చేసి జరిపించారు, అప్పుడు గానీ ఆ ఇంట్లో వాళ్ళు కూర్చుని ఏడవలేదు. హిందువులైనా ముస్లింలైనా క్రైస్తవులైనా వాళ్ళ పద్ధతిలో దినం జరిగేలా చూడటం, పంతులుగారినో పాస్టర్‌గారినో మౌజాన్ సాబ్‌నో తీసుకురావడం, నలుగురికి భోజనం పెట్టే ఖర్చు సర్దడం, ఇదే ఆ ఇంటికి మీరు చేసే కౌన్సిలింగ్.

ఇప్పుడు పక్కింటి బాబు. వరద తర్వాత పిల్లలు పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, వరద ఆట ఆడటం ఇవన్నీ మామూలే, చాలామందికి వారాల్లోనే తగ్గిపోతాయి. ఈ బాబుకి ఇంత కాలమైనా తగ్గలేదు అంటే ఒకసారి డాక్టర్‌కి చూపించాల్సిందే, యూరిన్ ఇన్ఫెక్షన్, షుగర్ లాంటివి లేవని చూసుకుని ఆ తర్వాత పిల్లల మనసు డాక్టర్ దగ్గరికి. ఈలోపు కొట్టొద్దు, అక్క ముందు తమ్ముడి ముందు ఎగతాళి చెయ్యొద్దు అని వాళ్ళమ్మకి చెప్పు, నెమ్మదిగా చెప్పు, ఆవిడా అలిసిపోయి ఉంటుంది. దడుచుకున్నాడని తాయెత్తు కట్టించారు అని రాశావు, కట్టించనీ తమ్ముడూ, మసీదులో ఊదించినా, దిష్టి తీసినా పిల్లాడికి తెలిసేది నాకోసం ఇంతమంది ఉన్నారు అనే. కట్టేయడం, వాతలు పెట్టడం లాంటివి అయితేనే అడ్డుపడండి. రేపు క్యాంపు పడితే పిల్లలకి వరద బొమ్మ గియ్యండి అని పోటీలు పెట్టకండి, బంతి ఇవ్వండి, అంగన్‌వాడీ టీచర్‌ని పిలిచి రోజూ ఒకే టైముకి ఆటలు పెట్టండి. బడి ఎంత తొందరగా తెరిస్తే అంత మంచిది. తల్లీతండ్రీ దగ్గర లేకుండా కనపడిన పిల్లాడు ఉంటే మీ ఇళ్ళకి తీసుకెళ్ళకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

మీ అమ్మగారి విషయం. నువ్వు అమ్మకి ఎంత చెప్పినా వినట్లేదు, ఇప్పుడేం వరద లేదు కదా అంటున్నాను అని రాశావు. ఆవిడ భయం ఉత్తుత్తి భయం కాదు కదా, నీళ్ళు నిజంగానే వచ్చాయి, బుడమేరు ఇంకా అక్కడే ఉంది. భయపడకు అనేకన్నా ఆ భయానికి చేతిలో ఒక పని పెట్టు. ఇంటి కాగితాలు, మందులు, టార్చి, పవర్ బ్యాంకు ఒక సంచిలో సర్దించి అది ఆవిడ దగ్గరే ఉంచు. ఏ హెచ్చరిక వస్తే బయల్దేరాలి, ఎవరింటికి వెళ్ళాలి, ఎవరు తీసుకెళ్తారు అనేది ఆవిడనే నిర్ణయించమను. ఇంకో వాన రాత్రి ఆవిడ డాబా ఎక్కితే దిగు అని అరవకుండా ఓ దుప్పటి, ఫ్లాస్కులో టీ పట్టుకుని నువ్వూ ఎక్కు. కానీ ఒకటి గమనించు, వాన లేని రోజు కూడా నిద్రలో ఉలిక్కిపడుతున్నారా, ఆ వీధి వైపు వెళ్ళడమే మానేశారా, వంట మీద మనుషుల మీద ఇష్టం పోయిందా. ఇలాంటివి నెల దాటి ఉండి రోజు గడవడం కష్టమవుతుంటే అది చికిత్స ఉన్న జబ్బు, మాటల చికిత్సతో చాలామందికి తగ్గుతుంది. ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, 24 గంటలు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ముందు నువ్వు చేసి మాట్లాడి తర్వాత అమ్మకి ఇవ్వు.

మీరు రాసిన దాంట్లో అసలు లేనిది మూడో నెల. మొదటి వారం అందరూ వస్తారు, మంత్రులు, టీవీలు, బిర్యానీ ప్యాకెట్లు, వీధంతా ఒకళ్ళకొకళ్ళు అన్నట్టుంటారు. మూడో నెలకి ఎవరూ ఉండరు, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. 2024లో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు కదా, ఎవరి పేరు లిస్టులో ఉంది ఎవరిది లేదు, ఓనర్‌కా అద్దెకున్నవాళ్ళకా అనే దగ్గర పక్కపక్క ఇళ్ళవాళ్ళు మాటలు మానేసుకున్నారు. నీట మునిగిన ఆటోకి ఇంజిన్ పని, అయినా ఈఎంఐ ఆగదు, ఫైనాన్స్ వాళ్ళ ఫోన్లు, ఫ్రిజ్జు పోయింది, కుట్టు మిషన్ పోయింది. నా దగ్గరికి వచ్చినవాళ్ళు నీళ్ళ గురించి మాట్లాడింది తక్కువ, ఈ అప్పుల గురించి, ఆఫీసుల చుట్టూ తిరగడం గురించి మాట్లాడిందే ఎక్కువ. అప్పుడే తాగుడు పెరుగుతుంది, ఇంట్లో కొట్టడాలు పెరుగుతాయి, చచ్చిపోతే బాగుండు అనే మాట వినపడుతుంది. ఆ మాట వినపడితే దాటేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అన్నా అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు, తాళ్ళు లాంటివి అందకుండా చూసి, 14416కి ఫోన్ కలిపి, అదే రోజు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్ళండి.

అందుకని మీ ట్రామా ఫారం చించేయండి. మొదటి నెలలో అందరికీ నిద్ర ఉండదు, అందరూ ఉలిక్కిపడతారు, చాలామంది వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు, ఆ టైములో ఫారం నింపితే వీధి వీధంతా పేషెంట్లుగా కనపడుతుంది, పైగా ఆ కాగితాలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు. దాని బదులు ఒక పుస్తకంలో ఇంటింటికీ ఏ కాగితం పెండింగ్ ఉంది, ఎవరి పని ఆగిపోయింది, మళ్ళీ ఏ తేదీన వెళ్ళి పలకరించాలి, ఇవి రాసుకోండి. నష్టపరిహారం అర్జీ పెట్టించడానికి, బ్యాంకుకి తోడు వెళ్ళడానికి ఇద్దర్ని వేసెయ్యండి. కోలుకుంటున్న వాళ్ళకి కూడా పని అప్పగించండి, వంటలు చేసిన ఆడవాళ్ళు, పంపకం లెక్కలు రాసిన రిటైర్డ్ మాస్టారు అందరికన్నా ముందు తేరుకోవడం నేను ప్రతిసారీ చూశాను. బురద ఎత్తిన శానిటేషన్ వాళ్ళనీ మర్చిపోకండి, మునిగిన ఇళ్ళల్లో వాళ్ళవీ ఉంటాయి, వాళ్ళని కూర్చోమని టీ ఇచ్చేవాళ్ళు తక్కువ.

మీ 20 మంది గురించి కూడా. ఇద్దరిద్దరుగా తిరగండి, ఒక్కళ్ళే వద్దు. ఎనిమిది గంటలు దాటితే ఇంటికి పంపెయ్యండి, శవం చూసిన కుర్రాడిని ఆ రాత్రి ఒక్కడినే పడుకోనివ్వకండి. ఇంట్లో తమవాళ్ళే మునిగి ఉన్న కుర్రాళ్ళు డ్యూటీకి రాకపోతే ఎందుకు రాలేదని అడగొద్దు.

వానలు మొదలవ్వకముందు రెండు ఆదివారాలు నేను మీ వైపు వచ్చి కూర్చోగలను. ఒకరోజు చూడు-విను-కలుపు ప్రాక్టీస్ చేద్దాం, ఒకరు బాధితుడిగా ఒకరు వాలంటీర్‌గా, రెండో రోజు మీ వార్డు ఏఎన్ఎమ్‌ని, అంగన్‌వాడీ టీచర్‌ని కూడా పిలవండి, మందుల సంగతి వాళ్ళ ముందే తేల్చుకుందాం. తేదీలు చూసుకుని చెప్పు, ఆడపిల్లలు ఎంతమంది వస్తున్నారో కూడా రాయి.